యశోద త్రాడు: పేదయింటి పెంపకమును గూర్చి సాహిత్యము చెప్పినది

భాగవత దశమస్కంధమున రోటికి కట్టబడిన బాలకృష్ణుని కథ తెలియని తెలుగువారుండరు. పెద్దలు దానిని భక్తితో వినిరి. తల్లులు ముచ్చటగా చెప్పిరి. వ్యాఖ్యాతలు త్రాటికి రెండంగుళములు చాలకపోవుటలో వేదాంతమును చూచిరి. ఆ కథకు మొదటనున్న చిన్న ఘట్టమును మాత్రము చదువరులు సాధారణముగా త్వరగా దాటిపోవుదురు. నాడు ఇంటి దాసీజనము వేరు పనులలో నుండుటచే యశోద తానే పెరుగు చిలుకుచుండెను. బిడ్డడు వచ్చి కవ్వము పట్టుకొని పాలడిగెను. ఆమె చిలుకుట మాని, ఒడిలో కూర్చుండబెట్టుకొని పాలిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగెను. బిడ్డని ఆకలి తీరకమునుపే క్రిందికి దించి ఆమె పొయ్యికడకు పరుగెత్తెను. కృష్ణుని కోపము, కుండ పగులుట, వెన్న దొంగతనము, తుదకు త్రాడు - సర్వమును ఆ దించుటనుండియే పుట్టినవి.

నందుని యిల్లు పాడికి కొదువలేని యిల్లు. అట్టి యింటను, దాసీలు దగ్గర లేని ఒక్క పూట, తల్లి చేతులు రెండు పనులకు చాలకపోయినవి. ఆ లోటు బిడ్డకు కోపముగాను, తల్లికి దండనగాను పరిణమించినది. కవి ఇచ్చట యశోదను తప్పుపట్టలేదు, కృష్ణుని తప్పుపట్టలేదు. పాలు పొంగినవి, అంతే. నందుని యింట ఒకనాడు జరిగినది పేదయింట ప్రతిదినమును జరుగును. అచ్చట దాసీలుండరు, పొంగుచున్న పాలు పెక్కుమారులు పరుల యింటివి. ఈ ఒక్క విషయమును దృష్టిలో నుంచుకొన్నచో, పేద కుటుంబములలో బిడ్డల పెంపకమును గూర్చి లోకమున వ్యాపించియున్న రెండు ధోరణులును ఎంత అసమగ్రములో తెలియును. ఒకటి, పేద తల్లిదండ్రులకు పెంచుట తెలియదను నింద. రెండవది, పేదరికమున ప్రేమ యొక్కటియే చాలునను మెచ్చుకోలు. ఉత్తమసాహిత్యము ఈ రెండింటిని దాటినది. అది అడుగు ప్రశ్న వేరు: ఈ తల్లి చేతులు ఎచ్చట చిక్కుకొన్నవి?

పూర్వసాహిత్యమున దరిద్రుని యిల్లు లేకపోలేదు. వ్యాసభారతము ఆదిపర్వమున ద్రోణుడు తన పూర్వకథను భీష్మునకు చెప్పుకొనును. ధనికుల బిడ్డలు పాలు త్రాగుచుండగా చూచి అశ్వత్థామ పాలకై యేడ్చెను. ద్రోణుడు ధర్మమార్గమున ఒక పాడియావును సంపాదింపవలెనని ఎంతయో తిరిగి వట్టిచేతులతో వచ్చెను. తోడి పిల్లలు పిండి కలిపిన నీటిని పాలని చెప్పి యిచ్చిరి. అశ్వత్థామ దానిని త్రాగి, పాలు త్రాగితినని సంతోషముతో గంతులు వేసెను. చుట్టునున్నవారు నవ్విరి, ధనము గడింపలేని ద్రోణుని నిందించిరి.

ఈ ఘట్టములోని సూక్ష్మత పరిశీలింపదగినది. ఆ క్షణమున బిడ్డకు దుఃఖము లేదు, సంతోషమే యున్నది. దుఃఖమంతయు తండ్రిది. ఆ అవమానమే ద్రోణుని ద్రుపదుని సభకును, అచ్చటి తిరస్కారము హస్తినాపురమునకును నడిపించినవి. కురుపాంచాలుల వైరములో ఒక పాయకు మూలము ఈ పిండినీటి గిన్నెలో నున్నది. బిడ్డ త్రాగినది పిండినీరు. అతడు పెరిగినది తండ్రి మనస్సులో రగిలిన మంట ప్రక్కన. లేమి బిడ్డ కడుపును నేరుగా తాకును. కాని అతని మనస్సును తాకునది తల్లిదండ్రుల మనస్సు ద్వారా. ఈ కాలపు శిశుమనస్తత్వ శాస్త్రజ్ఞులు పెక్కు కుటుంబములను పరిశీలించి చెప్పుచున్న విషయమును భారతకవి ఒక్క గిన్నెలో చూపినాడు.

పోతన కుచేలోపాఖ్యానమున ఈ భారము తల్లిపై పడినది. ఆకులును గిన్నెలును చేతబట్టి పిల్లలు అన్నమడుగగా, పెట్టుటకు లేని ఇల్లాలు భర్తను ద్వారకకు పొమ్మనును. కుచేలుడు వైరాగ్యసంపన్నుడు, కోరిక లేనివాడు. కాని ఆ వైరాగ్యమునకు వెల చెల్లించుచున్నది ఆమె. అతడు కృష్ణదర్శనము లభించునని సంతోషించి బయలుదేరినాడు. ఆమె అతనిని బయలుదేరదీసినది పిల్లల చేతులలోని ఖాళీపాత్రలను చూచి. ఒకే యింట, ఒకే లేమిలో, తండ్రి చూచినదియు తల్లి చూచినదియు వేరు. పేదయింటి పెంపకమును చిత్రించు రచయితకు ఈ భేదము మొదటి పాఠము.

ఆధునికయుగమున బిడ్డల పెంపకమునే ప్రత్యేక విషయముగా గ్రహించి తెలుగున వ్రాసినవారిలో చలము ముఖ్యుడు. పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన అతనికి పిల్లల భయములతో దగ్గరి పరిచయము కలదు. 'బిడ్డల శిక్షణ'లో అతడు దండనను, బెదిరింపును, పెద్దల అధికారగర్వమును తీవ్రముగా నిరసించి, బిడ్డ తల్లిదండ్రుల సొత్తు కాదనియు స్వతంత్రజీవి యనియు వాదించినాడు. ఆ వాదము నేటికిని నిలుచునట్టిది. కాని ఆ గ్రంథము ఎవరితో మాటలాడుచున్నదని ప్రశ్నింపవలసియున్నది. అది చదువు వచ్చి, కొంత తీరిక కలిగి, తన నడవడిని తాను పరీక్షించుకొనగల గృహస్థునితో మాటలాడుచున్నది. చలము ఎదిరించిన అధికారము ముఖ్యముగా మధ్యతరగతి యింటి పెత్తనము. తెల్లవారకముందే నీళ్ళకై వరుసలో నిలిచి, పగలెల్ల ఇటుకలు మోసి, సాయంకాలము గుడిసెకు చేరి, ఏడ్చుచున్న బిడ్డపై చేయిచేసుకొను తల్లికిని 'కొట్టవద్దు' అను మాట సత్యమే. అయితే ఆ దెబ్బలో క్రౌర్యమెంత, అలసట ఎంత అని అడిగిననే గాని ఆ సత్యము ఆమెకు ఉపయోగపడదు. నీతి బోధించువాడు ఆ ప్రశ్న అడుగడు. కథ అడుగును.

తెలుగు కథలో ఆ ప్రశ్నను నిశితముగా అడిగినవారు కళింగాంధ్రమువారు. చాగంటి సోమయాజులు కథ 'కుంకుడాకు'లోని పేదపిల్లకు బడి లేదు. పొయ్యిలోనికి ఆకూ అలమూ ఏరుటయే పని. బడికి పోవు మరియొక పిల్ల ఆమె ప్రక్కననే యున్నది. ఇద్దరి తెలివిలో భేదము లేదు. ఇద్దరి ఇండ్లలో నున్నది. ఆ పిల్లను పనికి పంపిన తల్లిదండ్రులను రచయిత నిలదీయడు. వారి పక్షమున క్షమాపణయు చెప్పడు. పొయ్యి వెలుగవలెను, వెలిగించుటకు ఇంటనున్న చేతులన్నియు కావలెను. ఆ చేతులలో చిన్నవియు కలవు.

అదే రచయిత 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో లేమి మరియొక రూపమున కనబడును. చదువు మాన్పింపబడిన కుఱ్ఱవాడు తండ్రి పనిమీద బడి ముందునుండి పోవలసివచ్చును. కథకు పేరైన మాట కొడుకు తండ్రికి చెప్పు జవాబు. ఆ జవాబులో నిష్ఠురము లేదు. తండ్రిని నిందింపవలెనను తలంపే లేదు. తన చదువును నిలుపలేకపోయిన తండ్రియెడ ఆ బిడ్డకు గల నమ్మకమే చదువరిని కలతపెట్టును. ద్రోణుని కథలో తండ్రి అవమానమును బిడ్డ ఎరుగడు. ఇచ్చట బిడ్డ ఎరుగును. ఎరిగియు తండ్రిని కాపాడుచున్నాడు. పేదయింటి బిడ్డలు వయస్సునకు మించిన పెద్దరికమును ముందుగా మోయుట నిట్లు చూపిన కథలు తక్కువ. ఆ పెద్దరికమును మెచ్చుకొనుట సులభము. దానికై ఆ బిడ్డ కోల్పోయిన బాల్యమును లెక్కించుట కష్టము. చాసో రెండవ పని చేసినాడు.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఈ మార్గమున కడపటి అంచు. తరతరములుగా పెరిగిన అప్పునకు తన కొడుకు పాలేరు కాకూడదని సీతారాముడు ఆ బిడ్డను తానే చంపును. తండ్రి ప్రేమయు తండ్రి హింసయు ఒకే చేతిలో కలిసిన ఈ ముగింపును విమర్శకులు ఆర్థికదృష్టితో చాలకాలముగా చర్చించుచున్నారు. పెంపకము దృష్టితో చూచినచో అది మరియొక మాట చెప్పును. బిడ్డను పెంచుటయనగా ఒక భవిష్యత్తును ఊహించుట. ఊహించుటకు భవిష్యత్తే లేనినాడు పెంపకమను మాటకు అర్థము లేదు. సీతారాముడు పెంచలేక చంపలేదు. ఎందుకు పెంచవలెనో తెలియక చంపినాడు.

ఇంతటి బలముగల ఈ సాహిత్యమున ఒక లోటును గుర్తింపక తప్పదు. ఈ కథలలో ముందు నిలుచు బిడ్డలు బడి యీడువారు, లేక పనికి వచ్చు యీడువారు. 'యజ్ఞం'లోని బిడ్డయు పాత్రగా కంటె వాదముగా ఎక్కువ బ్రతుకును. మాటలు నేర్చు యీడు బిడ్డ, పాకి పాకి గడపవరకు వచ్చు బిడ్డ, తల్లి ముఖమును చూచి లోకమును తెలిసికొను బిడ్డ - ఈ శిశువు పేదల కథలో ఏడ్పుగానో, ఆకలిగానో, చంకలో బరువుగానో తప్ప కథామధ్యమునకు వచ్చుట అరుదు. కాని మనిషి మెదడు మిక్కిలి వేగముగా పెరుగునది ఆ తొలి యేండ్లలోనే. పాలేరు కాకముందు, బడి మానకముందు, ఆ బిడ్డకు మూడేండ్లు నిండిన ఒకనాడు కలదు. ఆ నాటి కథ తెలుగున ఇంకను రావలసియున్నది.

అది రావలసిన స్థలములలో ఒకటి కళింగాంధ్రమునకు దూరముగా, సువర్ణరేఖ గట్టున నున్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి జీవనోపాధికై ఉత్తరమునకు తరలినవారి గమ్యములలో జంషెడ్‌పూరు ఒకటి. సాక్చి గ్రామమున 1908లో కర్మాగార నిర్మాణము మొదలై, 1912లో ఉక్కు వెలువడినది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూరను పేరు వచ్చినది. ఆ కర్మాగారమున 1912లోనే ఎనిమిది గంటల పనిదినమును, 1928లో ప్రసూతి సౌకర్యమును అమలులోనికి తెచ్చిరి. వీనిని కార్మికచరిత్రకు చెందిన విషయములుగా వ్రాయుట వాడుక. నిజమునకు ఇవి పెంపకపు చరిత్రకును చెందినవి. ఎనిమిది గంటల పనిదినమనగా తండ్రికి ఒక సాయంకాలము దక్కుట. ప్రసూతి సౌకర్యమనగా తల్లి బిడ్డను సగము పాలతో క్రిందికి దింపనక్కరలేని కొన్ని వారములు దక్కుట.

సాక్చి కెదురుగా, వంతెన దాటినచో, నదికి ఆవలిగట్టున మాంగో కలదు. కర్మాగార పట్టణపు ఏర్పాట్లకు వెలుపల పెరిగిన ఊరు అది. 2011 జనాభా లెక్కలలో అచ్చటివారు 2 లక్షలకు మించిరి. మాంగో అంతయు పేదవాడ కాదు. అచ్చట దుకాణములును మేడలును, డిమ్నా రోడ్డుపై వైద్యకళాశాలయు నున్నవి. కాని ఏ పెద్ద పారిశ్రామికనగరమునకైనను ఆవలిగట్టు అనునది ఒకటుండును. కంపెనీ జీతము, ఇల్లు, ఆసుపత్రి గలవారు ఒకవైపు. గుత్తేదారుని క్రింద దినకూలిగా బ్రతుకువారు, పరుల యిండ్ల అంట్లు తోముకొని బ్రతుకువారు మరియొకవైపు. ఈ రెండవవారికి ఎనిమిది గంటల లెక్క లేదు. పని యున్ననాడు కాలము లేదు. లేనినాడు మనస్సు నిలువదు. రెండు దినములలోను బిడ్డకు దక్కునది కొంచెమే. సువర్ణరేఖపై వంతెన యున్నది గాని, ఈ రెండు విధముల సాయంకాలములకు నడుమ వంతెన లేదు.

ఈ నదియే దిగువకు ప్రవహించి ఘాట్‌శిలను తాకును. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ కడపటి యేండ్లలో నివసించి, 1950లో కన్నుమూసిన ఊరు అది. అతని 'పథేర్ పాంచాలి' 1929లో గ్రంథముగా వెలువడినది. కథాస్థలము వంగదేశపు పల్లె, సువర్ణరేఖ కాదు. అయినను తెలుగు కథలో కనబడిన లోటు ఎట్లు పూరింపబడగలదో చూపుటకు దీనికంటె మంచి ఉదాహరణము దొరకదు. పేదయింటి శిశువును బరువుగా గాక మనిషిగా, నవలకు కేంద్రముగా నిలిపిన రచన యిది.

హరిహరుడు సంపాదన చాలని పురోహితుడు. బ్రతుకుతెరువుకై తరచు ఊరు విడుచువాడు. ఇంటి లేమి యంతయు సర్వజయ యొక్క చేతులమీదుగా నడచును. ముసలి ఇందిరఠాక్రుణ్ ఒక ముద్ద ఎక్కువ తిన్నను ఆమె సహింపదు. తుదకు ఇల్లు వెడలగొట్టును. కొడుకు అపూకు దక్కిన మురిపెము కూతురు దుర్గకు దక్కదు. పండ్లతోటలలో దొరికినది తిని, దొంగయను పేరు తెచ్చుకొని, దుర్గ తల్లిచేత దెబ్బలు తినును. ఇంతటి కాఠిన్యమును వ్రాసియు రచయిత సర్వజయను దుష్టురాలిని చేయలేదు. ఆమె ఎవరిని కసరుకొన్నను ఆ కసరుట వెనుక వంటయింటి డబ్బా అడుగు కనబడుచుండును. చదువరి ఆమెను క్షమింపడు, అర్థము చేసికొనును. క్షమించుటకంటె అది పెద్ద పని.

ఇంకను ముఖ్యమైన దొకటి కలదు. ఆ యింట తిండి తక్కువ గాని మాట తక్కువ కాదు. పండ్లూడిన ఇందిరఠాక్రుణ్ పసి దుర్గకు పాతకాలపు పదములు చెప్పును. బిడ్డ మరల మరల చెప్పించుకొనును. సర్వజయ తీరిక దొరికిన మధ్యాహ్నములలో కాశీరామదాసు భారతమును చదువగా, వినుచున్న అపూ రథచక్రము భూమిలో క్రుంగిన కర్ణునికై కన్నీరు కార్చును. తండ్రి పెట్టెలోని పాతపుస్తకములు అతనికి దేశదేశముల ద్వారములు. తరువాతి అపూ - చూచుచు, ఆశ్చర్యపడుచు, ఊహించుచు నడచు అపూ - ఎచ్చటనుండి వచ్చినాడని అడిగినచో సమాధానము ఈ మూడింటిలో నున్నది: ముసలిదాని పదము, తల్లి చదివిన కర్ణుడు, తండ్రి పెట్టె. అదే యింట తగిన వైద్యము లేక, జ్వరముతో దుర్గ చనిపోవును. రచయిత ఒకదానిని చూపి రెండవదానిని మఱుగుపరచలేదు. పదములు అపూను పెంచినవి; దుర్గను బ్రతికింపలేకపోయినవి.

ఈ నవలను ప్రక్కన నుంచుకొని, పేదబిడ్డల ఎదుగుదలపై నేటి శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలను చదువుట ప్రయోజనకరము. 1995లో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అను అమెరికా పరిశోధకులు కాన్సస్ ప్రాంతమున 42 కుటుంబములను పరిశీలించి ప్రకటించిన గ్రంథము ప్రసిద్ధమైనది. వారు లెక్కగట్టినదాని ప్రకారము సంపన్నుల బిడ్డలకంటె పేదల బిడ్డలు బడికి పోవు యీడునకు ముందే మూడుకోట్ల మాటలు తక్కువగా విందురు. ఈ సంఖ్య లోకమంతట వ్యాపించినది. పేద తల్లి మాటలాడదను అపవాదుకు అది ఆధారమైనది. 2019లో డగ్లస్ స్పెరీ మొదలగువారు ఐదు సమాజముల బిడ్డలను పరిశీలించి, ఆ లెక్కలో చేరనివారిని గుర్తుచేసిరి. తల్లి యొక్కతెయే గాక, ఇంటనున్న తక్కినవారు పలికినవియు, బిడ్డ చెవిని పడిన మాటలును చేర్చినచో ఆ భేదము నిలువదనిరి. వాదము ముగియలేదు. కాని సాహిత్యవిద్యార్థికి ఇందులోని అంతరార్థము వెంటనే తెలియును. మొదటి లెక్కలో ఇందిరఠాక్రుణ్ లేదు.

పేదరికమువలన బిడ్డలకు నష్టమే లేదనుట దీని తాత్పర్యము కాదు. అట్లనుట దుర్గను మరచుట. జమైకా రాజధాని కింగ్‌స్టనులో 1986-87లో సాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ బృందము, వయస్సునకు తగిన పొడవు లేని 129 మంది పసిబిడ్డలపై ఒక పరిశోధన ఆరంభించినది. వారిలో కొందరి యిండ్లకు ఆరోగ్యసేవకురాండ్రు రెండేండ్లపాటు వారమునకొకమారు పోయి, ఇంట దొరకు వస్తువులతోనే ఆటబొమ్మలు చేసి, బిడ్డతో ఎట్లు ఆడవలెనో, మాటలాడవలెనో తల్లికి చూపిరి. ఇరువదియేండ్ల తరువాత ఆ బిడ్డల సంపాదన, అట్టి తోడు లేని బిడ్డల సంపాదనకంటె సుమారు 25 శాతము ఎక్కువగా నుండెను. ఇదే పద్ధతిని ఒడిశాలోని కటకము పేదవాడలలో పదునెనిమిది నెలలు నడుపగా, అచ్చటి బిడ్డల గ్రహణశక్తియు మెరుగుపడినది. లేమి నిజము, దాని దెబ్బయు నిజము, ఆటయు మాటయు ఆ దెబ్బను కొంతవరకు మాన్పగలవనుటయు నిజము.

మాంగోకు మరింత సమీపమున జరిగినది ఇంకొకటి కలదు. అదే సింహభూమి సీమలోని చక్రధరపూరు కేంద్రముగా పనిచేయు ఏక్‌జుట్ అను సంస్థ ఝార్ఖండ్, ఒడిశా రాష్ట్రములలోని మూడు జిల్లాల పల్లెలలో స్త్రీల సమావేశములను నడిపినది. అందు బోధన తక్కువ. ఆటలు, కథలు, చిత్రములతో తమ కష్టమును తామే చర్చించుకొనుట ఎక్కువ. 2010లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, మూడేండ్లలో నవజాత శిశుమరణములు 32 శాతము తక్కువగా నుండెను. తల్లుల మనోవ్యాకులతలో మొత్తముమీద భేదము కనబడలేదు గాని, మూడవ సంవత్సరమున మధ్యమస్థాయి వ్యాకులత 57 శాతము తక్కువగా నుండెను. ద్రోణుని కథ తెలిసినవానికి ఈ రెండవ సంఖ్య మొదటిదానివలెనే ముఖ్యము. తల్లి మనస్సు తేలికపడినచోట బిడ్డకు దక్కునది పాలు మాత్రమే కాదు. గమనింపదగిన దేమనగా, ఆ స్త్రీలకు తేలిక కలిగించిన సాధనములలో ఒకటి కథ.

తెలుగింట ఈ సాధనములు కొత్తవి కావు. బిడ్డను చాచిన కాళ్ళమీద పరుండబెట్టి, నూనె రాచి, నీళ్ళు పోయుచు తల్లి పలుకు మాటలు. అన్నము తినిపించుటకు చందమామను పిలుచు పాట. పిల్లలు కాళ్ళు చాపి కూర్చుండగా ఒక్కొక్క కాలిని తాకుచు లెక్కించు ఆట. గుజ్జనగూళ్ళు - ఇవి యన్నియు ఖర్చులేని బడులు. వేటూరి ప్రభాకరశాస్త్రి 'బాలభాష'గా కూర్చినదియు, బిరుదురాజు రామరాజు జానపదగేయములపై చేసిన పరిశోధనయు పండితుల శ్రద్ధకు గుర్తులు. అయితే ఈ పాటలను ముచ్చటగా సేకరించిన కాలమున, వానిని పాడుటకు కావలసిన తీరికను ఎవరును సేకరింపలేదు. లాలిపాటలోని తొట్టి బంగారుది. కూలితల్లి కట్టిన ఉయ్యెల చెట్టుకొమ్మకు వ్రేలాడు పాతచీర. ఆ చీర నూపుటకైనను ఒక చేయి ఖాళీగా నుండవలెను.

మాంగో వంటి ఊరిలో దీనికి మరియొక చిక్కు చేరినది. వలసవచ్చిన తెలుగింటి బిడ్డకు గడపలోపల ఒక భాష, గడపవెలుపల హిందీ. ఆ చుట్టుప్రక్కల బెంగాలీ, ఒడియా, ఉర్దూ, సంతాలీ. పెక్కు భాషలు వినుట బిడ్డకు చెరుపు కాదు, అది సంపదయే. చిక్కు వేరొకచోట నున్నది. తల్లికి పాట తెలిసిన భాష తెలుగు. బిడ్డకు బడిలోను పనిలోను అక్కరకు వచ్చు భాష హిందీ. బిడ్డ మేలు కోరి తల్లి తనకు రాని భాషలోనికి మారునేని, ఆమె నోట మిగులునవి ఆజ్ఞలు మాత్రమే: రా, పో, తిను, ఊరకుండు. కథయు, పాటయు, వేళాకోళమును వెనుకటి భాషలో నిలిచిపోవును. అమ్మమ్మయు శ్రీకాకుళమున నిలిచిపోయినచో, ఇందిరఠాక్రుణ్ పాత్ర ఆ యింట ఖాళీ. వలసపోవువాడు విడిచిపోవు ఆస్తిలో ఇదియు ఒకటి. దీనిని ఏ లెక్కలోను వ్రాయరు.

ఇట్టి యింటిని వ్రాయబోవు తెలుగు కథకునకు పూర్వులనుండి లభించు వెలుగు తక్కువది కాదు. కుచేలుని యిల్లాలి చూపు, ద్రోణుని అవమానము, చాసో మితభాషిత, కాళీపట్నము నిర్దాక్షిణ్యము అతని కందుబాటులో నున్నవి. బిభూతిభూషణుడు నేర్పునది మరియొకటి: పేదయింటి మూడేండ్ల బిడ్డను జాలితో గాక ఆసక్తితో చూచుట. జాలి పడువానికి ఆ బిడ్డ ఆకలి మాత్రమే కనబడును. ఆసక్తి గలవానికి ఆ బిడ్డ ఏమి చూచుచున్నాడో కనబడును. మొదటిది బిడ్డను గూర్చిన సాహిత్యము. రెండవది బిడ్డ యొక్క సాహిత్యము.

2016లో అహ్మదాబాదు నగరపు ఒక త్రవ్వకపు పనిస్థలమునుండి వెలువడిన ఛాయాచిత్రము లోకమంతట అచ్చయినది. తల్లిదండ్రులు గుంత త్రవ్వుచుండగా, పదునైదు నెలల పసిపాప కాలికి కట్టిన పట్టీ రెండవ కొన రాతికి ముడివేయబడి యున్నది. చూచినవారిలో కొందరు ఆ తల్లిని నిందించిరి. కొందరు కంటతడి పెట్టిరి. ఆ పట్టీ లేనిచో బిడ్డ రోడ్డుమీదికి పాకిపోవును. తల్లి కట్టినది బిడ్డ అల్లరికి కాదు, ప్రాణమునకు. యశోద త్రాడు రెండంగుళములు తక్కువైనది. ఈ తల్లికి త్రాడు సరిపోయినది. బిడ్డను ఎత్తుకొనుటకు చేయి మాత్రము తక్కువైనది. రోటికి కట్టబడిన బిడ్డని కథను మన కవులు వందలయేండ్లుగా చెప్పుచున్నారు. రాతికి కట్టబడిన బిడ్డ కథను అంత శ్రద్ధగా, అంత ప్రేమగా చెప్పవలసిన బాధ్యత ఇంకను మిగిలియున్నది.